ఒకే మాట – రెండు కొలువులు

ఆంగ్లభాషను అభ్యసించు మన విద్యార్థులు సాధారణముగా పెద్ద మాటలను చూచి జంకుచుందురు. ఆ జంకునకు నిజముగా కారణము లేదు. పెద్ద మాటకు నిఘంటువున ఒకటి రెండర్థములు ఉండును. ఒకసారి నేర్చుకొనిన చాలును. మనలను చిక్కులలో పెట్టునవి చిన్న మాటలు. ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’, ‘సిన్స్’, ‘అంటిల్’, ‘ఫర్’, ‘యాజ్’, ‘దాన్’, ‘బట్’, ‘లైక్’ అనునవి తొలి వాచకముల నుండియు మనకు పరిచితములే. వీని అర్థము తెలియని విద్యార్థి కళాశాలలో ఉండడు. అయినను పరీక్షా పత్రములలోను, ఉద్యోగపు దరఖాస్తులలోను తప్పులు తరచుగా ఈ మాటల చుట్టునే చేరుచున్నవి.

ఇందులకు కారణము వాని అర్థము తెలియకపోవుట కాదు. వాని కొలువు తెలియకపోవుట. ఒకే ఉద్యోగి ఉదయము ఒక కార్యాలయమునను, సాయంకాలము వేరొక కార్యాలయమునను పని చేసినట్లు, ఈ మాటలలో ప్రతియొక్కటియు ఒక వాక్యమున ప్రిపొజిషన్‌గాను మరియొక వాక్యమున కంజంక్షన్‌గాను వర్తించును. నిఘంటువు తెరచినచో ‘ఆఫ్టర్’ అను మాటకు ఎదురుగా ఈ రెండు పేర్లును కనబడును. “ఇంతకును ఇది ప్రిపొజిషనా, కంజంక్షనా?” అని విద్యార్థులు అడుగుచుందురు. ప్రశ్న ఆ రూపమున ఉన్నంతవరకు దానికి సమాధానము లేదు. “ఈ వాక్యమున ఇది ఏ పని చేయుచున్నది?” అని అడిగినప్పుడే సమాధానము దొరకును. దానిని కనుగొను విధమును, ఆ ప్రయత్నమున మన మాతృభాషలైన తెలుగు, ఉర్దూలు ఎచట తోడ్పడునో ఎచట దారి తప్పించునో తెలుపుటయు ఈ వ్యాసమున మా ఉద్దేశము.

తరువాత వచ్చునదే గుర్తు

ప్రిపొజిషన్ అనగా ఒక నామవాచకమును గాని సర్వనామమును గాని వెంట బెట్టుకొని, వాక్యములోని మిగిలిన భాగముతో దానికి గల సంబంధమును తెలుపు మాట. మన భాషలో విభక్తి ప్రత్యయములు చేయు పనిని ఆంగ్లమున ఇవి చేయును. మన ప్రత్యయము నామమునకు వెనుక చేరును. వారి ప్రిపొజిషన్ నామమునకు ముందు నిలుచును. ఇంతియే భేదము.

కంజంక్షన్ అనగా కలుపు మాట. ఇందు రెండు తెగలు కలవు. ‘అండ్’, ‘ఆర్’ వంటివి సమానమైన వానిని జతపరచును. రెండవ తెగ మాటలు ఒక ఉపవాక్యమును ప్రధాన వాక్యమునకు లోబరచి కలుపును. మన చర్చ ముఖ్యముగా ఈ రెండవ తెగను గూర్చినది. ఉపవాక్యమునకు గుర్తు ఏమనగా, అందు ఒక కర్తయు, ఆ కర్తకు తగిన సమాపక క్రియయు ఉండవలెను.

ఈ రెండు వాక్యములను చూడుడు. ‘హి కేమ్ ఆఫ్టర్ ద మీటింగ్’ అనగా సభ తరువాత అతడు వచ్చెనని అర్థము. ఇచట ‘ఆఫ్టర్’ వెంట ఉన్నది ఒక నామవాచకము మాత్రమే. కావున ఇది ప్రిపొజిషన్. ‘హి కేమ్ ఆఫ్టర్ ద మీటింగ్ ఎండెడ్’ అనగా సభ ముగిసిన తరువాత అతడు వచ్చెనని అర్థము. ఇచట ‘మీటింగ్’ కర్త అయినది. ‘ఎండెడ్’ దాని సమాపక క్రియ. కావున ఇది కంజంక్షన్.

ఇందు ఒక హెచ్చరిక అవసరము. రెండు వాక్యములలోను ‘ఆఫ్టర్’ను ఆనుకొని ఉన్నవి ‘ద మీటింగ్’ అను మాటలే. ప్రక్కమాటను మాత్రము చూచి తీర్పు చెప్పినచో రెంటిని ఒకటిగానే భావింతుము. చివరి వరకు చదివి, ఆ నామమునకు క్రియ ఉన్నదా లేదా అని విచారించిన పిమ్మటనే నిర్ణయింపవలెను.

సర్వనామములు మనకు మంచి సాక్ష్యము నిచ్చును. ప్రిపొజిషన్ వెంట వచ్చు సర్వనామము కర్మరూపమున ఉండును: ‘ఆఫ్టర్ హిమ్’, ‘బిఫోర్ మీ’. కంజంక్షన్ వెంట కర్తగా వచ్చు సర్వనామము కర్తృరూపముననే ఉండును: ‘ఆఫ్టర్ హి లెఫ్ట్’, ‘బిఫోర్ ఐ స్పోక్’. ‘హిమ్’ అన్నచో ఒక కొలువు, ‘హి’ అన్నచో మరియొక కొలువు.

క్రియకు ‘ఇంగ్’ చేరిన రూపము వచ్చినప్పుడు ఏమి చేయవలెను? ‘ఆఫ్టర్ రీడింగ్ ద లెటర్’ అనునపుడు ‘రీడింగ్’ అనునది సమాపక క్రియ కాదు. చదువుట అను భావమును తెలుపు నామము వంటిది. కావున వాడుకలోనున్న పాఠ్యవ్యాకరణముల ప్రకారము ఇచట ‘ఆఫ్టర్’ ప్రిపొజిషనే. ఇక ఏ తోడును లేక ఒంటరిగా నిలిచినప్పుడు, ‘ఐ హావ్ సీన్ హిమ్ బిఫోర్’ అను వాక్యమునందు వలె, ఆ మాటను క్రియావిశేషణమని అందురు. అనగా కొన్నిటికి రెండు గాక మూడు కొలువులు కలవని తెలియుచున్నది.

తెలుగు, ఉర్దూలలో ఈ వ్యవహారము

మన విద్యార్థి చేయు తప్పునకు మూలము చాలసార్లు అతని మాతృభాషా వ్యాకరణమున కలదు. తెలుగున ‘సభ తరువాత’ అందుము. ‘సభ ముగిసిన తరువాత’ అనియు అందుము. రెండవదానిలో ‘ముగిసిన’ అనునది సమాపక క్రియ కాదు, ధాతుజ విశేషణము. ‘సభ ముగిసెను తరువాత’ అని తెలుగువాడెవ్వడును అనడు. ‘తరువాత’ అను మాట దరి చేరుటకు క్రియ తన సమాపక రూపమును విడువవలెను. ఇది మన భాష విధించిన కట్టడి.

ఉర్దూలోను ఇట్టి కట్టడియే కలదు. ‘జల్సే కే బాద్’ అనునపుడు నామము వచ్చినది. ‘జల్సా ఖత్మ్ హోనే కే బాద్’ అనునపుడు క్రియ వచ్చినది గాని, అది ‘హోనే’ అను రూపమున, అనగా మస్దర్ అనబడు భావనామముగా మారి వచ్చినది. ‘హువా కే బాద్’ అనుట చెల్లదు. తెలుగు ద్రావిడ కుటుంబమునకు, ఉర్దూ ఇండో ఆర్య కుటుంబమునకు చెందినవైనను, ఈ విషయమున రెండును ఒకే బాటను నడచుచున్నవి.

ఆంగ్లము ఈ కట్టడిని పాటింపదు. ‘ఆఫ్టర్’ వెంట ‘ద మీటింగ్ ఎండెడ్’ అను నిండు వాక్యమును యథాతథముగా నిలుపును. మన విద్యార్థికి ఇది వింతగా తోచును. క్రియను ఎట్లైనను మార్చి తీరవలెనను పట్టుదలతో అతడు ‘ఆఫ్టర్ హి కమింగ్’ అని వ్రాయును. పరీక్షకుడు దాని క్రింద ఎర్రగీత గీయును. ఆ గీత న్యాయమైనదే. కాని ఆ తప్పు అజ్ఞానము వలన పుట్టినది కాదు. తన భాషా నియమమును పరభాషలో గూడ నమ్మకముగా పాటించుట వలన పుట్టినది. ఈ సంగతి గ్రహించిన అధ్యాపకుడు విద్యార్థిని మందలించుటకు బదులు రెండు భాషల కట్టడులను ప్రక్కప్రక్కన వ్రాసి చూపగలడు. తెలుగు మాధ్యమమునో ఉర్దూ మాధ్యమమునో చదివి వచ్చిన వానికి, “నీకు ఆంగ్లము రాదు” అను మాటకును, “నీవు నీ భాష నియమమును ఇచటికి తెచ్చితివి” అను మాటకును మధ్య ఎంతయో దూరము కలదు. మొదటిది అతని నోరు మూయించును. రెండవది అతని కన్ను తెరిపించును.

మాతృభాష అన్ని చోట్లను దారి తప్పించునని తలపరాదు. ‘ఆఫ్టర్ ఈటింగ్, ద బెల్ ర్యాంగ్’ అను వాక్యమును పరిశీలింపుడు. తినినది ఎవరు? గంటయా? ‘ఇంగ్’ రూపమునకు వేరుగా కర్త చెప్పబడనిచో, ప్రధాన వాక్యపు కర్తయే దానికి కర్త యగునని ఆంగ్లమున మంచి రచనకు నియమము. ఈ నియమము మనకు చిరపరిచితమే. ‘నేను తిని గంట మ్రోగెను’ అని మనము అనము. ‘తిని’ అను క్త్వార్థకమునకును ప్రధాన క్రియకును కర్త ఒక్కడే యుండవలెను. ఉర్దూలో ‘ఖా కర్’ అను రూపమునకును ఇట్టి నియమమే కలదు. ‘ఖా కర్’, ‘తిని’ అనువానిని మనసున తలచుకొనినచో ఈ ఆంగ్ల నియమము సులభముగా పట్టువడును.

ఒక్క కొలువే గల మాటలు

రెండు కొలువుల మాటలను గుర్తించుట ఎంత అవసరమో, ఒక్క కొలువే గల మాటలను గుర్తించుటయు అంత అవసరము. అర్థమున జంటలుగా కనబడుచు, పనిలో వేరుపడు మాటలు కొన్ని కలవు.

మొదటి జంట ‘డ్యూరింగ్’, ‘వైల్’. మొదటిది ప్రిపొజిషన్, రెండవది కంజంక్షన్. ‘డ్యూరింగ్ ద లెక్చర్’ అనవలెను. ‘వైల్ ద లెక్చర్ వాజ్ గోయింగ్ ఆన్’ అనవలెను. ‘డ్యూరింగ్ హి వాజ్ స్పీకింగ్’ అనుట తప్పు.

రెండవ జంట ‘డిస్పైట్’, ‘ఆల్దో’. ‘డిస్పైట్ హిజ్ ఇల్‌నెస్’ అనవచ్చును; ‘ఆల్దో హి వాజ్ ఇల్’ అనవచ్చును. ‘డిస్పైట్ హి వాజ్ ఇల్’ అనరాదు. ‘ఇన్ స్పైట్ ఆఫ్’ అను పదబంధమునకును ఇదే న్యాయము.

మూడవ జంట ‘బికాజ్ ఆఫ్’, ‘బికాజ్’. ఇచట తెలుగువారికి ‘వలన’ అను ప్రత్యయము చిక్కు కలిగించును. ‘వర్షము వలన’ అనునపుడును, ‘వర్షము కురియుట వలన’ అనునపుడును మనకు ‘వలన’ ఒక్కటియే. ఉర్దూలో ‘బారిష్ కీ వజహ్ సే’, ‘బారిష్ హోనే కీ వజహ్ సే’ అను వానియందును ‘కీ వజహ్ సే’ ఒక్కటియే. ఆంగ్లమున మాత్రము ‘బికాజ్ ఆఫ్ ద రెయిన్’ వేరు, ‘బికాజ్ ఇట్ రెయిన్డ్’ వేరు. ‘ఆఫ్’ అను చిన్న మాట ఉన్నచో నామము రావలెను. లేనిచో వాక్యము రావలెను.

నాలుగవ జంట ‘వితౌట్’, ‘అన్‌లెస్’. ‘వితౌట్ ఎ టికెట్’ అనగా టికెట్టు లేకుండ. ‘అన్‌లెస్ యూ బై ఎ టికెట్’ అనగా నీవు టికెట్టు కొననిచో. నేటి శిష్ట వ్యవహారమున ‘వితౌట్ యూ బై’ అనుట చెల్లదు.

‘అంటిల్’ – ఒక ప్రత్యేక ప్రమాదము

‘అంటిల్’ అను మాట రెండు కొలువులును చేయును. ‘అంటిల్ మండే’ అనగా సోమవారము వరకు, ఇది ప్రిపొజిషన్. ‘అంటిల్ హి కమ్స్’ అనగా అతడు వచ్చువరకు, ఇది కంజంక్షన్. రెండవ కొలువున ఉన్నప్పుడు ఇది మన విద్యార్థులను రెండు విధముల ఇరుకున పెట్టును.

మొదటిది నిషేధార్థము. ఉర్దూలో ‘జబ్ తక్ వో న ఆయే, యహీ రహో’ అందురు. ఆ వాక్యమున ‘న’ సహజము. తెలుగున ‘వచ్చువరకు’ అనునపుడు నిషేధము లేదు గాని, ‘రానంతవరకు’ అనునపుడు కలదు. ఈ అలవాటున ‘అంటిల్ హి డజ్ నాట్ కమ్’ అని వ్రాయుదురు. ఆంగ్లమున ‘అంటిల్’ అను మాట ఆ పని జరుగు క్షణమును హద్దుగా చూపును. దానికి నిషేధము అక్కరలేదు. ఫీజు చెల్లించువరకు హాల్ టికెట్టు ఇవ్వబడదని ప్రకటన వ్రాయవలసి వచ్చినదనుకొందము. ‘అంటిల్ యూ పే’ అన్నచో హద్దు స్పష్టము. ‘అంటిల్ యూ డు నాట్ పే’ అన్నచో, నీవు చెల్లింపకపోవు క్షణము వరకు అని విపరీతమైన అర్థము తోచును. నిషేధమే చెప్పవలెనన్నచో ‘యాజ్ లాంగ్ యాజ్ యూ డు నాట్ పే’ అనవచ్చును, లేదా ‘అన్‌లెస్ యూ పే’ అనవచ్చును.

రెండవది కాలము. రేపు జరుగు పనిని గూర్చి చెప్పునపుడు గూడ, ‘అంటిల్’, ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’ అను కంజంక్షన్ల వెంట ఆంగ్లము వర్తమాన క్రియనే వాడును. ‘ఐ విల్ వెయిట్ అంటిల్ హి కమ్స్’ అనవలెను గాని ‘అంటిల్ హి విల్ కమ్’ అనరాదు. భవిష్యత్తును ప్రధాన వాక్యము తెలిపినందున ఉపవాక్యము దానిని మరల చెప్పదు. ప్రిపొజిషన్‌గా ఉన్నప్పుడు వెంట క్రియయే ఉండదు గనుక ఈ చిక్కు పుట్టదు. కొలువు తెలియుట వలన క్రియాకాలము గూడ తెలియుచున్నదని దీనిచే గ్రహింపవలెను.

‘సిన్స్’, ‘ఫర్’, ‘యాజ్’

‘సిన్స్’ వెంట ఆరంభ సమయము వచ్చును: ‘సిన్స్ 1980’, ‘సిన్స్ మార్నింగ్’. ‘ఫర్’ వెంట కాలపరిమాణము వచ్చును: ‘ఫర్ టూ ఇయర్స్’. తెలుగున ‘ఉదయము నుండి’, ‘రెండు సంవత్సరముల నుండి’ అని రెంటికిని ‘నుండి’ చాలును. ఉర్దూలో ‘సుబహ్ సే’, ‘దో సాల్ సే’ అని రెంటికిని ‘సే’ చాలును. అందువలన ‘సిన్స్ టూ ఇయర్స్’ అను తప్పు మన రెండు శాఖల విద్యార్థులకును ఉమ్మడి ఆస్తి యైనది.

కంజంక్షన్‌గా ‘సిన్స్’ రెండర్థముల నిచ్చును: అప్పటి నుండి అని ఒకటి, ఆ కారణమున అని మరియొకటి. ‘సిన్స్ హి లెఫ్ట్, వి హావ్ హాడ్ నో క్యాప్టెన్’ అనునపుడు, అతడు వెళ్లినప్పటి నుండి నాయకుడు లేడనియు చెప్పవచ్చును, అతడు వెళ్లిపోయినందున నాయకుడు లేడనియు చెప్పవచ్చును. ఇట్టి సందేహమునకు తావున్నచోట కారణము చెప్పదలచినచో ‘బికాజ్’ వాడుట మేలు.

‘ఫర్’ అను మాట కంజంక్షన్‌గా ఏలనన అను అర్థము నిచ్చును. ఇది గంభీరమైన రచనా శైలికి చెందినది. ప్రధాన వాక్యము ముగిసిన పిమ్మటనే వచ్చును గాని, ‘బికాజ్’ వలె ముందుగా వచ్చి కారణమును మొదట చెప్పి ఫలితమును పిదప చెప్పుటకు పనికిరాదు.

‘యాజ్’ విషయమున కొలువు మారినచో తాత్పర్యమే మారును. ‘యాజ్ ఎ టీచర్, హి స్పోక్’ అనగా ఉపాధ్యాయుని హోదాలో మాటలాడెను, ఇది ప్రిపొజిషన్. ‘యాజ్ హి వాజ్ ఎ టీచర్, హి స్పోక్’ అనగా ఉపాధ్యాయుడైనందున మాటలాడెను, ఇది కంజంక్షన్. ఇక ‘లైక్ ఎ టీచర్’ అన్నచో ఉపాధ్యాయునివలె మాటలాడెనని మాత్రమే. అతడు ఉపాధ్యాయుడని ఆ మాట చెప్పదు. దరఖాస్తున ‘ఐ వర్క్డ్ లైక్ ఎ క్లర్క్’ అని వ్రాసినచో, గుమాస్తాగా పని చేసితినని గాక గుమాస్తావలె పని చేసితినని అర్థమగును. ఉద్యోగానుభవమును తెలుపవలసిన వాక్యము ఒక్క చిన్న మాటచే చెడును.

పండితుల వివాదములు

ఈ మాటల కొలువును గూర్చి ఆంగ్ల పండితులలోనే ఏకాభిప్రాయము లేదు. రాబర్ట్ లౌత్ అను వ్యాకర్త 1762లో ప్రకటించిన ఆంగ్ల వ్యాకరణమున ‘దాన్’ కంజంక్షన్ అనియు, దాని వెంట వచ్చు సర్వనామపు రూపము అధ్యాహారముగా నున్న క్రియను బట్టి నిర్ణయమగుననియు ప్రతిపాదించెను. ఆ లెక్కన ‘హి ఈజ్ టాలర్ దాన్ ఐ’ అనుటయే సాధువు. చివర ‘యామ్’ అను క్రియ దాగియున్నది. కాని జనులు ‘దాన్ మీ’ అని నిరాఘాటముగా పలుకుచునేయున్నారు. వారి దృష్టిలో ‘దాన్’ ప్రిపొజిషన్. నేటి వ్యాకర్తలు పెక్కురు రెంటిని అంగీకరింతురు.

అయినను ఒక్కొక్కచో భేదము ముఖ్యము. ‘హి హెల్ప్స్ యూ మోర్ దాన్ ఐ’ అనగా, నేను నీకు చేయు సహాయము కంటె అతడు చేయునది ఎక్కువ. ‘దాన్ మీ’ అనగా, అతడు నాకు చేయుదాని కంటె నీకు చేయునది ఎక్కువ అనియు కావచ్చును. సందేహము కలుగకుండ ‘దాన్ ఐ డు’ అని గాని ‘దాన్ హి హెల్ప్స్ మీ’ అని గాని నిండుగా వ్రాయుట విద్యార్థికి క్షేమము.

‘లైక్’ను గూర్చిన తగవు మరింత గట్టిది. దీనిని కంజంక్షన్‌గా వాడుట ఆంగ్లమున శతాబ్దముల నుండి ఉన్నదే. అయినను 1954లో అమెరికాలో విన్‌స్టన్ సిగరెట్ల ప్రకటన ఒకటి ‘యాజ్’ వాడవలసిన చోట ‘లైక్’ వాడగా, భాషాభిమానులు దానిని తీవ్రముగా గర్హించిరి. 1961లో వెబ్‌స్టర్ మూడవ అంతర్జాతీయ నిఘంటువు వెలువడినప్పుడు, అది లోకవ్యవహారమును ఉన్నదున్నట్లు నమోదు చేయుటను పలువురు విమర్శించిరి. ఆ చర్చలోను ‘లైక్’ ప్రస్తావనకు వచ్చెను. సంభాషణలో ‘లైక్ హి సెడ్’ అని వినబడును గాని, పరీక్షలోను అధికార లేఖలలోను ‘యాజ్ హి సెడ్’ అని వ్రాయుటయే యుక్తము.

‘బట్’ సాధారణముగా కాని అను అర్థమున కంజంక్షన్. ‘ఆల్ బట్ వన్’ అనునపుడు మాత్రము ఒకడు తప్ప అందరు అని ప్రిపొజిషన్ అగును. ఈ రెండవదే పాతది. ప్రాచీనాంగ్లమున ఈ మాటకు ‘బూటన్’ అని రూపము, వెలుపల అని అర్థము. వెలుపల నుంచుట నుండి మినహాయింపును, మినహాయింపు నుండి ‘కాని’ అను ఎదురుమాటయు పుట్టినవి.

రెండు కొలువులు ఎట్లు వచ్చెను?

ఈ ద్వంద్వము యాదృచ్ఛికము కాదు. ప్రాచీనాంగ్లమున ‘ఆఫ్టర్’ను వాక్యమునకు ముందు వాడవలెనన్నచో ‘ఆఫ్టర్ థామ్ థే’ అను పదబంధమును వాడుచుండిరి. ఇందు మొదటిది ప్రిపొజిషన్. రెండవది ‘దానికి’ అను అర్థము గల సర్వనామము. మూడవది ఉపవాక్యమును తెచ్చు అవ్యయము. అనగా, ఫలానిది జరిగెనే, దాని తరువాత అని భావము. మధ్యకాలపు ఆంగ్లమున ఇది ‘ఆఫ్టర్ దట్’ అని కుదించుకొనెను. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలు అనువాదమున ‘ఆఫ్టర్ దట్’ అను ఈ ప్రయోగము ఇంకను కనబడును. పిదప ‘దట్’ జారిపోయి ‘ఆఫ్టర్’ ఒక్కటియే మిగిలెను. ‘సిన్స్’ అను మాట పుట్టుకలోనే ‘దాని తరువాత’ అను అర్థము ఇమిడియున్నది. ‘బికాజ్’ అనునది ‘బై కాజ్’, అనగా కారణముచేత అను రెండు మాటల కలయిక. ‘ఎక్సెప్ట్ దట్’ అను వాడుకలో ఆ పాత ‘దట్’ నేటికిని నిలిచియున్నది.

కావున కంజంక్షన్ అని మనము పిలుచునది పూర్వము ప్రిపొజిషనే. దాని వెంట నామమునకు బదులు ఒక వాక్యము వచ్చి కూర్చున్నది. డెన్మార్కు దేశస్థుడైన ఆటో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన ‘ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్’ అను గ్రంథమున ఈ విషయమును చక్కగా విచారించెను. ఒకే క్రియ కొన్నిచోట్ల కర్మతోను, కొన్నిచోట్ల కర్మ లేకయు వచ్చుచున్నను దానిని రెండు భాషాభాగములుగా విడదీయము గదా. అట్లే ‘ఆఫ్టర్’ నామముతో వచ్చినను, వాక్యముతో వచ్చినను, ఒంటరిగా వచ్చినను ఒకే మాట అని యేల అనరాదు? ఇది ఆయన వాదము. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ అను పండితుల సంపాదకత్వమున వెలువడిన కేంబ్రిడ్జి బృహద్వ్యాకరణము ఈ మార్గమునే అనుసరించి, ‘ఆఫ్టర్’, ‘బిఫోర్’ వంటి వానిని అన్ని చోట్లను ప్రిపొజిషన్లుగానే పరిగణించెను. అయినను పాఠశాలా వ్యాకరణములు, నిఘంటువులు చాలవరకు పాత విభాగమునే పాటించుచున్నవి గనుక, పరీక్షకు సిద్ధమగువారు పాత పేర్లనే నేర్వవలెను.

మన విద్యాసంప్రదాయములకు ఈ ఏకీకరణము కొత్త కాదు. అరబ్బీ వ్యాకరణము మాటలను ఇస్మ్, ఫేల్, హర్ఫ్ అని మూడుగానే విభజించును. ప్రిపొజిషన్‌కు సాటియైన హర్ఫె జార్, కంజంక్షన్‌కు సాటియైన హర్ఫె అత్ఫ్ రెండును హర్ఫ్ అను ఒకే గొడుగు క్రిందివి. ఉర్దూ వ్యాకరణమున నేటికిని ఈ పేర్లు వాడుకలో నున్నవి. అరబ్బీ ‘హత్తా’ అను మాట ఒకచోట నామమును షష్ఠీరూపమున నిలుపును, ఒకచోట రెండు నామములను కలుపును, ఒకచోట క్రియకు ముందు నిలిచి దాని రూపమును మార్చును. క్రీ.శ. 822లో గతించిన మహావ్యాకర్త అల్ ఫర్రా, ‘హత్తా’ను గూర్చిన సందేహము మనసున మిగిలియుండగనే మరణించుచున్నానని వాపోయెనని పెద్దలు చెప్పుకొందురు. అంతటి పండితునకే తీరని సందేహము ఒక చిన్న మాటయందుండగా, మన విద్యార్థి ‘అంటిల్’ వద్ద తడబడుటలో ఆశ్చర్యమేమి? సంస్కృత వ్యాకరణముననైనను, కలుపునట్టి ‘చ’, విభక్తి నపేక్షించునట్టి ‘వినా’ రెండును అవ్యయములే.

చేయదగిన పని

విద్యార్థులకు మేము సూచించునది ఇంతియే. ఇట్టి మాట కనబడినప్పుడు మొదట దాని తరువాతి భాగమును చివరి వరకు చదువవలెను. రెండవది, అందు కర్తయు సమాపక క్రియయు ఉన్నవా అని చూడవలెను. ఉన్నచో కంజంక్షన్, నామము మాత్రమే ఉన్నచో ప్రిపొజిషన్. మూడవది, ఆ వాక్యమును తన మాతృభాషలోనికి మార్చి, క్రియ ఎట్లు మారినదో గమనింపవలెను. ‘ముగిసిన తరువాత’ అనియో ‘హోనే కే బాద్’ అనియో వచ్చినచో, ఆంగ్లమున నిండు వాక్యమును గాని ‘ఇంగ్’ రూపమును గాని వాడవలెనని తెలియును. రెంటిని కలిపి వాడరాదు. దినమునకు ఒక మాట చొప్పున, రెండు కొలువులకు రెండు వాక్యములను స్వయముగా వ్రాసికొనినచో, పైన చెప్పిన తొమ్మిది మాటలును పది దినములలో వశమగును.

కళాశాలా సంఘమువారికి ఒక విన్నపము. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ, ఆంగ్ల శాఖలు ఒకే నడవలో నున్నను, వ్యాకరణ పాఠములు మాత్రము ఎవరి గదిలో వారు చెప్పుచున్నారు. మూడు శాఖల అధ్యాపకులును కలిసి, ఈ మాటలకు ఒక పట్టికను సిద్ధపరచి, ఒక్కొక్క ఆంగ్ల వాక్యమునకు ఎదురుగా తెలుగు వాక్యమును, ఉర్దూ వాక్యమును వ్రాయించి తరగతి గోడలకు తగిలించినచో వ్యయము స్వల్పము, ప్రయోజనము అధికము. ఆంగ్లము నేర్చుటకు మాతృభాషను గది వెలుపల విడిచి రావలెనను అపోహ దానివలన తొలగును. ఆ పట్టికలో మొదటి పంక్తిగా ‘ఆఫ్టర్’ను వ్రాసి పని ఆరంభింపవచ్చును.